కాడికి రెండవ యెద్దు

గిరావీన్ నుండి గ్రేట్ వెస్టరన్ హైవే దాటి దక్షిణమునకు పోయినచో, ప్రాస్పెక్టు జలాశయము మొదలు గిల్ఫర్డు వరకు ఏడు కిలోమీటర్లకు పైబడి సాగు నొక బాట కలదు. అది యొకప్పుడు కాలువ. సిడ్నీకి దక్షిణమునందలి కొండలలో పుట్టు నదుల నీటిని సొరంగముల ద్వారా, కాలువల ద్వారా, జలసేతువుల ద్వారా, ఎచ్చటను పంపు పెట్టక కేవలము భూమ్యాకర్షణము చేతనే ప్రాస్పెక్టు వరకు నడిపించిన అప్పర్ నేపియన్ పథకము 1888 లో పూర్తియైనది. ఆ పథకపు ఇంజనీర్లు, వాలు మరీ యెక్కువైనచో ప్రవాహము గట్టును కోయుననియు, మరీ తక్కువైనచో నీరు నిలిచిపోవుననియు ఎంచి, కంటికి కానరానంతటి యేటవాలును మైళ్ల పొడవున తప్పకుండ నిలిపిరి. ప్రాస్పెక్టు నుండి పట్టణము వైపునకు నీటిని గొనిపోయిన ఈ దిగువ కాలువ 1995 లో పని చాలించినది. తరువాత దానిని పూడ్చి, పైన బాట పరచి, నడచువారికిని సైకిళ్లవారికిని విడిచిపెట్టిరి. నీటికి కుదిరిన వాలు సైకిలుకును కుదిరినది. ఒక దిక్కునకు పోవునపుడు కాలు తేలికగా ఆడుననియు, తిరుగుదారి రవంత బరువనియు నాకు తోచును గాని, అది ఇంజనీర్ల మహిమయో, మధ్యాహ్నపు టెదురుగాలియో చెప్పజాలను.

చిక్కెల్ల ఆ బాట వరకు పోవుటలోను, అచ్చటినుండి యింటికి మరలుటలోను ఉన్నది. ఆ ప్రక్కనే ప్రాస్పెక్టు హిల్లు కలదు. సముద్రమట్టమునకు సుమారు 117 మీటర్ల యెత్తుగల ఈ మిట్ట, పూర్వము భూగర్భమునుండి ఉబికివచ్చి గడ్డకట్టిన డోలరైటను నల్లరాతి ముద్ద. ఆంగ్లేయుల వలసను ఎదిరించి పోరాడి 1802 లో ప్రాణములు విడిచిన ఆదివాసి వీరుడు పెముల్వుయ్ పేరు ఆ చెంతనున్న పేటకు పెట్టిరి. ఇంద్రకీలాద్రిని చూచిన కంటికి ఇది కొండయనగానే నవ్వు వచ్చును; అయినను అరువదేండ్లు దాటిన మోకాళ్లు పోలికలు వినవు. మొదటి వేసవిలో ఆ యెక్కుడు సగములోనే సైకిలు దిగి, దానిని నడిపించుకొని పోయితిని.

ఆ సైకిలు నాకు దొరికిన విధము చెప్పవలెను. ఈ పేటలలో నొక యాచారము కలదు: అక్కరతీరిన సామానును ఇంటి ముందరి పచ్చికమీద పెట్టినచో పురపాలకులు బండి పంపి ఎత్తించుకొని పోవుదురు, బండి వచ్చులోపల నచ్చినదానిని ఇరుగుపొరుగువారు తీసికొనుటయు వాడుకయే. పువ్వులున్న చోటని గిరావీన్ అన్న ఆదివాసి మాటకు అర్థము చెప్పుదురు గాని, ఆ దినములలో మా వీథికి పాత సోఫాలున్న చోటు అన్న పేరు తగును. అట్టి యొక సోఫా వెనుక, అల్యూమినియము చట్రమును, 26 అంగుళముల చక్రములును, ముందు స్ప్రింగు ఫోర్కును గల మౌంటెన్ బైకు ఒకటి పడియుండినది. టైర్లు ఎండి పగిలినవి, చైను తుప్పు పట్టినది. చట్రము మాత్రము చీలిక లేకుండ ఉన్నది. తెచ్చితిని.

మిట్ట కొరకు దానికి మోటారును బాటరీయును గల విద్యుత్ కిట్టు బిగింపనెంచితిని. అట్లు బిగించుట యనగా ఏమి చేయుటయో తెలిసికొనుటకు ముందు, మనుష్యుడెంతటి యంత్రమో కొలుచుకొనవలెను. నిత్యము వ్యాయామము చేయని పెద్దమనిషి పెడలుపై గంటసేపు ఆగకుండ ఇయ్యగల సామర్థ్యము నూరు వాట్లకు కొంచెము అటునిటు. పాతకాలపు బల్బు ఒకటి వెలిగించుటకు సరిపోవును. ఇప్పుడు మిట్ట లెక్క. మనిషి, సైకిలు, కిట్టు అన్నియు కలిసి నూరు కిలోలనియు, వాలు నూటికి ఆరు పాళ్లనియు అనుకొందము. భూమి వెనుకకు లాగు బలము సుమారు 59 న్యూటన్లు. గంటకు 15 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు నాలుగు మీటర్లకు పైగా, ఆ బలమును జయించుటకే 245 వాట్లు కావలెను. టైర్ల ఘర్షణకును గాలికిని మరియొక 55, 60 వాట్లు కలుపుకొనుడు. మొత్తము 300. నావద్ద ఉన్నది నూరు. తక్కిన రెండువందలకు అప్పు పుట్టవలెను, లేదా సైకిలు దిగవలెను. వేగము మూడవవంతునకు తగ్గించుకొన్నచో సరిపోవునుగదా యని గణితజ్ఞుడనును గాని, గంటకు ఐదు కిలోమీటర్ల వేగమున సైకిలు మీద తూలిపడకుండ కూర్చుండుట మరియొక విద్య.

చదును నేలమీద కథ వేరు. అచ్చట శత్రువు గాలి. వేగము రెట్టింపైనచో గాలి యడ్డగించు బలము నాలుగింతలగును, దానిని జయించు సామర్థ్యము ఎనిమిదింతలగును. గంటకు 25 కిలోమీటర్లకు మొత్తము 175 వాట్లతో పోవుచుండగా, అంతకు మించిన ప్రతి కిలోమీటరును ఎక్కువ వెల పెట్టి కొనవలసినదే. కావున మోటారు మిట్టమీద దయామయి, చదునున దుబారా. ఈ యొక్క మాట గ్రహించినవాడు పెద్ద మోటారు కొరకు ఆశపడడు.

తెలుగునాట సైకిలు తొక్కిన పాతతరమువారికి ఈ యంత్రరహస్యము వేరుగ బోధింపనక్కర లేదు. వారు డైనమో నెరుగుదురు. చీకటిపడగానే వెనుక టైరుకు దానిని ఆనించినచో గర్రుమని తిరిగి ముందు దీపమును వెలిగించెడిది; దీపము లేకుండ పోయినచో కూడలిలో పోలీసు ఆపునను భయముచేత, కాలు బరువెక్కినను ఓర్చుకొని తొక్కెడివారము. ఆ దీపము ఆరు వోల్టులది, మూడు వాట్లది. మూడు వాట్ల వెలుగునకు కాలు చెల్లించిన వెల అంతకు కొన్ని రెట్లని ఆనాడు తెలియకపోయినను, వెలుగు ఊరక రాదని కాలికి తెలిసినది. అయస్కాంతమును తీగచుట్ట ప్రక్కన తిప్పినచో విద్యుత్తు పుట్టును. తీగచుట్టకు విద్యుత్తు నిచ్చినచో అయస్కాంతము తిరుగును. డైనమోను తిరుగవేసినదే మోటారు. తీగయు అయస్కాంతమును ఒకదాని చుట్టు ఒకటి తిరుగగలవని మైకేల్ ఫారడే 1821 లో పాదరసపు గిన్నెలో చూపినాడు. అటుపై డెబ్బదినాలుగేండ్లకు, 1895 డిసెంబరు 31 న, ఆగ్డెన్ బోల్టన్ అను అమెరికా దేశస్థుడు వెనుక చక్రపు హబ్బులోనే మోటారును అమర్చిన సైకిలునకు పేటెంటు పొందినాడు. పది వోల్టుల బాటరీ. మోటారు నూరు ఆంపియర్ల వరకు మ్రింగును. నూరు ఆంపియర్లనగా వ్రేలి లావు తీగ కావలెను. మనిషి ఊహకు లోటు లేదు. బాటరీయే ఒక శతాబ్దము వెనుకబడినది. జపానులో యమహావారు తొక్కుడు బలమును కొలిచి దానికి తగిన తోడు నిచ్చు సైకిలును 1993 లో అమ్మకమునకు పెట్టునప్పటికి కూడ వారి బాటరీ సీసపుదే.

నేటి మోటారు బోల్టను మోటారునకు మునిమనుమడు. అందు బ్రష్షులు లేవు. చుట్టును నిలిచియుండు తీగచుట్టలు మూడు జట్లుగా ఉండును. తిరుగు భాగమునకు నియోడిమియము, ఇనుము, బోరాను కలిపి చేసిన అయస్కాంతములు అంటించియుండును. ఈ అయస్కాంతములు 1980 దశకమున పుట్టినవి. వీని బలము చేతనే అరచేత ఇముడు మోటారు మనిషిని మిట్ట ఎక్కింపగలుగుచున్నది. కంట్రోలరను చిన్న పెట్టె, తిరుగు భాగము ఎచ్చట నున్నదో హాల్ సెన్సారుల వలన తెలిసికొని, దానికి ఒక యడుగు ముందుండు చుట్టకే ప్రవాహము నిచ్చును. అయస్కాంతము అందుకొనబోవునంతలో ఆ చుట్టను విడిచి తరువాతి దానిని పట్టును. మూతి ముందు గడ్డిమోపు పట్టుకొని ఒకడు నడచుచుండగా ఎద్దు వెంబడించినట్లు అయస్కాంతము చుట్టల వెంట పరుగిడును, మోపు నెన్నడును అందుకొనదు. ఈ మార్పిడి యంతయు ట్రాన్సిస్టరులు చేయును. అందుచేత అరిగిపోవు బ్రష్షు లేదు, నిప్పురవ్వ లేదు.

మోటారు ఎచ్చట నుండవలెనన్నది పెద్ద తగవు. చక్రపు హబ్బులో పెట్టుట ఒక పద్ధతి. పెడళ్ల ఇరుసున్న చోట, అనగా బాటమ్ బ్రాకెట్టున, పెట్టుట రెండవది. హబ్బు మోటారు బిగించుట సులభము. చక్రము నూడదీసి, మోటారుతో చువ్వలు అల్లిన క్రొత్త చక్రమును తగిలించి, నట్లు బిగించినచో సగము పని యైనట్లే. సగము పనియే, ఏలనన, మోటారు చక్రమును ముందుకు తిప్పినంత బలముతోనే తన ఇరుసును వెనుకకు తిప్పుకొనును. న్యూటను మూడవ సూత్రము తప్పించుకొను మోటారు లేదు. ఇరుసు రెండు వైపులను చదునుగా చెక్కి, పది మిల్లీమీటర్ల గాడిలో నిలుపుదురు. మోటారు 40 న్యూటన్ మీటర్ల టార్కు నిచ్చినపుడు, పది మిల్లీమీటర్ల దూరమునకు ఆ గాడి పెదవులపై పడు బలము సుమారు 4000 న్యూటన్లు, అనగా నాలుగు బస్తాల బియ్యపు బరువు. ఉక్కు చట్రము దానిని ఓర్చుకొనవచ్చును. అల్యూమినియము, మెగ్నీషియము పోత పోసిన ఫోర్కు గాడులు ఓర్చుకొనలేక తెరచుకొనును; ఇరుసు గిరగిర తిరుగును, తీగలు మెలిపడి తెగును, ముందు చక్రమైనచో ఊడి దొర్లిపోవును. దీనికి విరుగుడు టార్కు ఆర్మ్ అను ఉక్కు పట్టీ. ఇరుసునకు ఒక కొనను, చట్రమునకు వేరొక కొనను బిగించినచో, పది సెంటీమీటర్ల దూరమున ఆ 4000 న్యూటన్లు 400 అగును. గడ్డపార పొడుగైనకొలది రాయి తేలికగా లేచుట యెట్లో ఇదియు నట్లే. ఇంతటి ప్రాణరక్షకపు ముక్కను కొందరు పెట్టెలోనే మరచిపోవుదురు.

నా సైకిలుకు ముందు స్ప్రింగు ఫోర్కు. దానికి మోటారు చక్రము తగదు. వెనుక హబ్బులో పెట్టినచో మిట్టమీద నెమ్మదిగా పోవునపుడు మోటారు ఉక్కిరిబిక్కిరియగును. ఏ మోటారైనను మందముగా తిరుగునపుడు మ్రింగిన విద్యుత్తులో ఎక్కువపాలు వేడిగా పోగొట్టుకొనును. హబ్బులోని మోటారునకు చక్రపు వేగమే గతి. పెడళ్ల చెంత నున్న మోటారు అట్లు కాదు: దాని బలము చైను మీదుగ, గేర్ల మీదుగ పోవును, మిట్ట వచ్చినపుడు మనము పెద్ద పళ్లచక్రమునకు మారిన మోటారునకును అదే ఉపశమనము. పర్వతముల కొరకే పుట్టిన సైకిలునకు ఈ పద్ధతియే తగును. లోపల నిమిషమునకు వేల చుట్లు తిరుగు రోటరును పళ్లచక్రములతో ఇరువది రెట్లకు మించి తగ్గించి, కాలి లయకు దించుదురు. దీని వెల చైను చెల్లించును. ఒక కాలు చేయు పనికి లెక్కించిన చైనుపై ఒకటిన్నర, రెండు మనుషుల బలము పడుచుండగా అది త్వరగా సాగును.

చైనాలోని సుజౌ పట్టణమున 2003 లో ఆరంభమైన బాఫాంగు, అటులనే టాంగ్‌షెంగు వంటి సంస్థలు పెడళ్ల చెంత నుండు మధ్య మోటారు కిట్లను చేయుచున్నవి. ఏది కొన్నను, ముందు కొలవవలసినది ఒకటే: బాటమ్ బ్రాకెట్టు గొట్టపు వెడల్పు. పాత మౌంటెన్ బైకులకు అది 68 లేక 73 మిల్లీమీటర్లుండి, లోపల మర చెక్కియుండును. కిట్లను ఆ మర గొట్టములను తలచుకొనియే చేసిరి. నాది 73. గ్యారేజిలో సైకిలును తలక్రిందులుగ నిలిపితిని. ప్రక్క యింటి కుర్రవాడు గుంటూరు వాడు, కంప్యూటరు ఉద్యోగి. వాడే ముందుకు వచ్చెను. క్రాంకు నూడదీయు పుల్లరును, బ్రాకెట్టు పళ్లకు కుదురు రెంచియు మాత్రము కొన్నాము. తక్కిన పనిముట్లు వాని డిక్కీలోనివే.

ఎడమ క్రాంకు వచ్చినది, కుడి క్రాంకు వచ్చినది. బ్రాకెట్టు ఎడమ గిన్నెయు వచ్చినది. కుడి గిన్నె దగ్గర అరగంట గడచినది. రెంచికి గొట్టము తొడిగి, కాలు పెట్టి త్రొక్కి, చెమటతో లేచి,

“బాబాయి గారూ, ఇది తుప్పుకి అతుక్కుపోయిందండీ. ఇక రాదు,” అనెను.

“నువ్వు విప్పుతున్నావనుకుంటున్నావా నాయనా? అరగంట నుంచి బిగిస్తున్నావు,” అంటిని.

కుడి గిన్నెకు మర ఎడమచేతివాటము. సాధారణపు మరను విప్పు దిక్కున తిప్పినకొలది అది బిగియును. ఇట్లేల చేసిరో అనుభవపూర్వకముగ చూడదలచినచో, ఎడమచేతి వ్రేళ్లను వదులు వలయముగ పట్టి, అందు పెన్సిలునుంచి, పెన్సిలు కొనను గుండ్రముగ త్రిప్పి చూడుడు. కొన ఏ దిక్కునకు పోవుచున్నదో, పెన్సిలు తన చుట్టు తాను దానికి వ్యతిరేకముగ తిరుగును. వదులుగ కూర్చున్న గిన్నెలో ఇరుసు బరువు చుట్టు తిరుగుచుండగా గిన్నెయు అట్లే వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా ప్రాకును; మర అన్నిటివలె కుడిచేతిదైనచో కొన్ని నూర్ల మైళ్లలో విప్పుకొని పోవును. కనుకనే ఆ ప్రాకుడు బిగించు దిక్కునకే పోవునట్లు మరను మార్చిరి. కుర్రవాడు విని, “ఇది మా కాలేజీలో చెప్పలేదండీ,” అనెను. నాకును కాలేజీలో చెప్పలేదు. తెనాలిలో ఒక సైకిలు షాపతను చెప్పినాడు.

గిన్నెలు పోయిన గొట్టమున మోటారు ఇరుసును దూర్చి, ఎడమవైపున లాకు నట్టు బిగింపవలెను. మోటారు దేహము చట్రము క్రింద ముందువైపునకు వ్రేలాడును. పెడలును ముందుకు తిప్పునపుడు ఆ దేహము, పూర్వము చెప్పిన న్యూటను న్యాయముననుసరించి, వెనుకకు తిరుగజూచి, పైనున్న వాలు గొట్టమునకు ఎగబ్రాకి కొట్టుకొనును. కాన తొలుతనే దానిని ఆ గొట్టమునకు ఆనించి, పిమ్మట నట్టు బిగించుట మేలు. మొదటి నూరు కిలోమీటర్లు గడచిన వెనుక మరల బిగింపవలెను. క్రొత్త చోట లోహము రవంత సర్దుకొనును.

ఇక మనిషియు మోటారును కలిసి లాగు నేర్పు. చౌక కిట్లలో పెడలు తిరుగుచున్నదా లేదా యన్నది మాత్రమే సెన్సారు చూచును. కాలు ఊరక ఆడించినను మోటారు పూర్తి బలముతో లాగును. బలముగ త్రొక్కినను అంతే. కాడికి క్రొత్తగా కట్టిన ఎద్దు జోడెద్దు కాలెత్తుట చూచి పరుగుతీసినట్లుండును ఆ సవారి. మేలురకపు కిట్లలో ఇరుసునందు వంపును కొలుచు సెన్సారుండును: త్రొక్కుడు బలమునకు ఉక్కు వెండ్రుకవాసికన్న తక్కువ వంగినను, దానికి అంటించిన సన్నని లోహపు రేకు సాగి, దాని నిరోధము మారును, ఆ మార్పునుబట్టి కంట్రోలరు సాయము పంచును. నేను రవంత లాగినచో రవంత, గట్టిగ లాగినచో గట్టిగ. మాగాణి దున్ని దున్ని కలిసిన జోడెడ్లకు మల్లె పక్కయెద్దు ఊపిరి తెలిసి లాగును. ధర కొంత హెచ్చు. ఇవ్వదగినదే.

బ్రేకు పిడులకు స్విచ్చులు కలిపి, పట్టగానే మోటారు ఆగునట్లు చేయవలెను. వెనుక చువ్వకు చిన్న అయస్కాంతమును, దాని కెదురుగ చట్రమున వేగపు సెన్సారును బిగించవలెను. తీగలను చట్రము వెంట కట్టునపుడు, హ్యాండిలు కుడి యెడమలకు పూర్తిగ తిరుగునంత వదులు విడువవలెను. ఇంతకు మించి చెప్పనేల.

బాటరీ దగ్గర మాత్రము నిలిచి చూడవలెను, ఏలనన ఈ కిట్టు ధరలో పెద్దపాలు దానిది, ప్రమాదములో దాదాపు మొత్తము దానిదే. నా బాటరీ 36 వోల్టులది, 13 ఆంపియర్ గంటలది. రెంటిని గుణించినచో 468 వాట్ గంటలు. లోపల 18650 అని పిలువబడు సెల్లులు నలువది: 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక్కొక్కటి 3.6 వోల్టులు, పదింటిని వరుసగ కలిపిన 36. అట్టి వరుసకు ఒక్కొక్క మెట్టున నాలుగేసి సెల్లులు సమాంతరముగ నిలుచును. 468 వాట్ గంటలనగా సుమారు 400 కిలోకెలొరీలు, ఒక పూట పలహారము. కాని మనదేహము పలహారములో నాలుగవవంతును మాత్రమే పెడలునకు చేర్చును, మోటారు మూడువంతులకు పైగా చేర్చును; కావున ఆ బాటరీ చేసిన పనికి నేను మూడుపూటల ఆహారము తినవలెను. ఎక్కువ దుబారా లేకుండ తొక్కినచో కిలోమీటరునకు పది వాట్ గంటలు కావచ్చును. ఆ లెక్కన నలువది అయిదు కిలోమీటర్లు. నూరు మీటర్ల యెత్తు ఎక్కుటకు, నష్టములతో గూడ, ఈ బరువునకు 36 వాట్ గంటలు చాలును. ఈ లెక్కల పిచ్చిలోనే మరియొకటి: హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు వెంట 2023 అక్టోబరు 1 న తెరచిన 23 కిలోమీటర్ల సైకిలు బాటకు సౌరఫలకముల పైకప్పు వేసిరి. దాని సామర్థ్యము 16 మెగావాట్లని చదివి లెక్కించితిని: మంచి యెండలో, ఒక్కొక్కటి 250 వాట్ల చొప్పున, అరువదినాలుగు వేల సైకిలు మోటార్లను ఒక్కమారుగ నడుపవచ్చును! నీడ కొరకు వేసినది కాబోలు అనుకొని క్రింద పోవువారికి ఈ సంగతి తెలియునో లేదో.

బాటరీలోని శక్తినంతయు లిథియము అయానులు మోయును. చార్జి చేయునపుడు అవి ఒక ధ్రువపు లోహభస్మపు పొరలనుండి వెడలి, మరియొక ధ్రువమునందలి గ్రాఫైటు పొరల నడుమ దూరి కూర్చుండును. వాడునపుడు వచ్చిన దారినే మరలును. జపానులో సోనీ సంస్థ 1991 లో వీనిని అమ్మకమునకు తెచ్చెను. వీనికి పునాది వేసిన గుడ్ ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019 లో రసాయన నోబెలు వచ్చెను. రెండు ధ్రువముల నడుమ వెండ్రుకకన్న పలుచని ప్లాస్టికు తెర. అదియే దీని సుగుణము, అదియే దీని గండము. సెల్లు నలిగినను, ఎక్కువగ చార్జియైనను, చౌకరకపు కూర్పు చేత లోపల వేడెక్కినను ఆ తెర కరగును, ధ్రువములు తాకును, వేడి పుట్టును, ఆ వేడికి రసాయనములు మరింత వేడినిచ్చును, ప్రక్క సెల్లునకు అంటుకొనును. గడ్డివామిలో పడిన నిప్పు గాలిని కోరును. ఈ నిప్పు లోపలి పదార్థమునుండియే ప్రాణవాయువును తీసికొనును గనుక ఆర్పుట కష్టము. అందుకే బాటరీలో బి.ఎం.ఎస్. అను కాపలా పలక యుండి, ఏ మెట్టును 4.2 వోల్టులు దాటకుండ, మరీ దిగకుండ చూచును. పది మెట్లకు 42 వోల్టులు. చార్జరు సరిగా 42 వోల్టులదే కావలెను. వేరు సైకిలు చార్జరు పిన్ను కుదిరినదని పెట్టిన యిండ్లు ఈ నగరమున తగులబడినవి. నేను పగటిపూట, గ్యారేజిలో, మనిషి మెలకువగా నుండగనే చార్జి చేయుదును. నిద్రవేళను, వాకిలికి అడ్డముగను ఎన్నడును చేయను. మా ఆవిడ దీనిని పొయ్యిమీది నూనె మూకుడుతో సమానముగ చూచును. ఆమె చూపే సరియైనది.

చట్టము సంగతి. ఐరోపావారి ఇ.ఎన్. 15194 అను ప్రమాణమును ఆస్ట్రేలియా 2012 లో చేకొన్నది: మోటారు నిరంతర సామర్థ్యము 250 వాట్లు, మనిషి తొక్కుచుండగనే సాయము, గంటకు 25 కిలోమీటర్ల వద్ద సాయము నిలిచిపోవలెను, తొక్కకుండ నడచుటకు ఆరు కిలోమీటర్ల వేగము మాత్రమే. న్యూ సౌత్ వేల్సు ఒక్కటి 2023 లో 500 వాట్లకు పోయి, తరువాత 250 కే మరలుటకు నిశ్చయించినది. 250 అన్నది నిరంతరము ఇయ్యగల హద్దు. మిట్టమీద కొన్ని నిమిషములు అది 36 వోల్టుల వద్ద పదునైదు ఆంపియర్లు లాగి, 540 వాట్లు మ్రింగుటయు కలదు. ఆ పాతిక కిలోమీటర్ల హద్దునకు నా దృష్టిలో బలమైన హేతువు బ్రేకు. నూరు కిలోల బరువు గంటకు 25 కిలోమీటర్ల వేగమున మోయు గతిశక్తి సుమారు 2400 జౌళ్లు. 35 అయినచో 4700. పది కిలోమీటర్లు పెరిగినందుకు బ్రేకు రెట్టింపు వేడి మ్రింగవలెను. మౌంటెన్ బైకు పుట్టుకలోనే ఈ పాఠమున్నది: 1976 లో కాలిఫోర్నియా మారిన్ జిల్లాలో కొందరు యువకులు పాతకాలపు లావు టైర్ల సైకిళ్లతో కొండ దిగుడు పందెములు మొదలిడిరి, దిగుసరికి హబ్బు బ్రేకులోని గ్రీజు కాలి పొగయైపోయెడిది, మరల నింపవలసివచ్చెడిది, ఆ పందెమునకు రీప్యాక్ అన్న పేరు అందుచేతనే వచ్చినది. నా సైకిలుకు రిమ్మును పట్టు బ్రేకులు. క్రొత్త బ్రేకు షూలు వేయక మునుపు మోటారునకు తీగ తగిలింపనియ్యలేదు.

దిగునపుడు ఆ శక్తిని బాటరీకి మరలింపరాదా యని కుర్రవాడడిగెను. న్యాయమైన ప్రశ్న. మధ్య మోటారునకు అది చేతకాదు: వెనుక ఫ్రీవీలు చక్రమును ముందుకు పోనిచ్చును గాని చైనును లాగనియ్యదు. పళ్లచక్రములు లేని పెద్ద హబ్బు మోటారులకు చేతనగును గాని, గాలియు టైర్లును తినిపోయిన పిమ్మట మిగులునది స్వల్పము.

బిగింపు ముగిసిన దినమునుండి ఈ సైకిలునకు రైలు యోగము తప్పినది. కిట్టు తగిలించి మార్చిన సైకిళ్లను 2025 నవంబరు 1 నుండి సిడ్నీ రైళ్లలోను మెట్రోలోను ఎక్కనియ్యరు. కర్మాగారమున పుట్టిన విద్యుత్ సైకిలునకు ఆ నిషేధము లేదు. పెండిల్ హిల్ స్టేషను నాకు కూతవేటు దూరము, అయినను ఫిర్యాదు చేయను: పెట్టెలో మూసిన సెల్లుల కూర్పును ప్లాట్‌ఫారముమీద నిలుచువాడు ఎట్లు పరీక్షించును? కావున నా తిరుగుడు మేస్ హిల్లులోని మురుగన్ గుడి, వెంట్వర్త్‌విల్ కూరగాయల అంగళ్లు, ఆ కాలువ బాట, ఇంతే. గోంగూర కట్టలు హ్యాండిలుకు తగిలించుకొని మిట్ట ఎక్కుదును. సాయపు మెట్లు అయిదు. ప్రాస్పెక్టు హిల్లు వద్ద మూడు పెట్టుకొందును, కాలువ బాటకు దిగగానే సున్న చేయుదును. ఆరునెలలకు చైను మార్చితిని. కొలతపట్టీ దాని లంకెల నడుమ సులువుగ దిగినది.

మొన్న ఆదివారము కుర్రవాడు తన సైకిలును గ్యారేజిలోనికి తోసికొని వచ్చెను, క్రొత్తది, మెరయుచున్నది.

“బాబాయి గారూ, నాదానికీ పెట్టేద్దామండీ. ఇప్పుడు కుడి గిన్నె ఎటు తిప్పాలో నాకు తెలుసు.”

క్రాంకు తీసి చూచితిమి. 41 మిల్లీమీటర్ల నున్నని రంధ్రము. అదిమి కూర్చుండబెట్టిన ప్లాస్టికు గిన్నెలు. మర యన్నదే లేదు. వెడల్పు తొంబది మిల్లీమీటర్లకు పైబడియున్నది. వాడు వంగి, కొలబద్ద నా చేతినుండి తీసికొని, మరల కొలిచెను.